ముక్కాలెకరా

చెరువులో నాకు ముక్కాలెకరా ఉండేది.
పట్టా లేదు, పాసుబుక్కు లేదు.
పదకొండేండ్లు వరసగా వానలు ఎగ్గొడితే
చెరువు నాకు తీర్చిన బాకీ అనుకున్నా.
చెనిక్కాయ పెట్టినా. ఒకేడు అలసంద.
వండ్రుమట్టి, గింజ చెయ్యి జారితే
నన్నడక్కుండానే మొలిచేది.

నేనొక్కదాన్నేనా?
మునిరత్నం మామిడంట్లు నాటె,
వాళ్ళ బామ్మర్ది కోళ్ళఫారం పెట్టె,
మిగిలిందంతా సర్కారుకంప మింగేసె.
కట్ట మాత్రం నిలబడుండె,
సొమ్మంతా పోయినాక కూడా
డ్యూటీ దిగని కాపలావోడి మాదిరి.

కొలత వేసేదానికి వచ్చిన పిల్ల పేరు ఇందుజ.
చిత్తూరు నుంచి స్కూటర్లో, నెత్తిన తువ్వాల.
మడతల్లో చినిగిన పాత పటం పరిచి
నా కయ్య నడిమధ్య వేలు పెట్టి
"ఇక్కడ ఐదడుగుల నీళ్ళమ్మా" అనింది.
నవ్వినా.
నవ్వు నోట్లోకి దుమ్ము పోయింది.

ఊరు కూడిన దినం అరిచినా.
నా ఆవు నీ పటం మేస్తుందా అన్నా.
చెంగల్రాయుడు లేచినాడు,
నీరుగంటోళ్ళ ఇంట్లో ఆఖరోడు.
తూము తెరిచే ఆ చేతులు
ముప్పై ఏండ్లుగా కార్వేటినగరం బస్టాండులో
సోడాలు తెరస్తా ఉండాయి.
వాదం చేయలా. ఒకటే అడిగినాడు:
"నీ బోరు ఎన్నడుగులు, వళ్ళెమ్మా?"

ఎనిమిదినూర్లు.
దాని ముందరిది ఐదునూర్లు.
దాని ముందర, బావి.
మా నాయన ఆ బావిలో నీళ్ళెంత లోతో
నోటితో చెప్పేవాడు కాదు,
వంగి చెంబు ముంచి చూపించేవాడు.

కూర్చున్నా.

పొక్లెయిను వచ్చిన పొద్దు
యానాది కాలనీ పోలయ్య దానికి అడ్డం నిలబడె.
"దీన్ని తొట్టి చేయొద్దు నాయనా.
కొంగకు మోకాలి లోతు కావాల,
కొర్రమీనుకు నిలువు లోతు,
తుంగకు పాదం తడిస్తే చాలు.
ఆ దిబ్బ తీయొద్దు, ఆ నల్లతుమ్మలు కొట్టొద్దు,
రాత్రికి దిగేవాళ్ళు ఉండారు."
డ్రైవరు అటూ ఇటూ చూసినాడు, ఎవరా అని.
ఆకాశంలో ఒక్క రెక్క లేదు.

ఆ యేడు వాన రాలేదు.
గుంత మిగిలింది, మట్టి రేగింది.
ఎదురుపడినప్పుడల్లా మునిరత్నం
కొట్టేసిన చెట్లకు కాయల లెక్క చెప్పె.
నేను పక్కూరికి కూలికి పోయినా.
ఎవరినీ తిట్టలేదంటే అబద్ధం.

మరుసటేడు కార్తీకంలో
నగరి ముక్కుకొండ నల్లగా మూసుకుపోయె.
మూడు రాత్రులు.
మూడో రాత్రి వంక అరుపు విని
టార్చిలైటు పట్టుకుని కట్టెక్కినా.
నేను వేసిన గట్టు,
పదకొండేండ్లు పారతో సరిచేసిన గట్టు,
సంగటిముద్ద పులుసులో కరిగినట్టు కరిగిపోతా ఉంది.
ఏడుపొచ్చింది.
సంతోషమా అని మా కోడలు అడిగింది.
కాదు. నా కయ్య అది.

తెల్లారి మొరవ పోయింది.
కింద ఊరోళ్ళు ఫోను చేసినారు,
మీ చెరువు మా చెరువులోకి వస్తా ఉందని.
చెంగల్రాయుడు ఆ దినం సోడా అంగడి తీయలా.

ఇప్పుడు
నా అలసంద సాళ్ళు ఉన్న చోట
బుడబుంగ ఒకటి చెత్తతో తేలే గూడు కట్టుకుంది.
నన్ను చూస్తే మునుగుతుంది,
నేను మళ్ళుకుంటే తేలుతుంది,
గుత్త ఎగ్గొట్టి తప్పించుకు తిరిగే కౌలుదారు మాదిరి.
దిబ్బ మీది తుమ్మలు తెల్లబడినాయి.
పోలయ్య అటు చూపించడు కూడా,
వల దులుపుకుంటా పోతాడు.

నిన్న వెదురుగడ పట్టుకుని
నడుం దాకా నీళ్ళలోకి దిగినా.
ఎక్కి, తడి చేతుల్తోనే ఇందుజకు ఫోను చేసినా.
"నీ పటం తప్పు చెప్పింది పాపా.
నా కయ్యలో ఐదడుగులు లేవు,
నాలుగున్నరే.
పైన వంకలో ఇంకా కంప ఉంది.
ఎప్పుడొస్తావు?"